లినక్సులో అక్కరలేని ప్యాకేజీలు తీసేముందు: తెలుగు, కన్నడ ఫాంట్లు జాగ్రత్త

హగరి చుట్టుపక్కల మన ఇళ్ళల్లో ఒకే కంప్యూటరు రెండు భాషల్లో పనిచేయాలి. పిల్లల పాఠాలు, పొలం పహణీలు కన్నడంలో, పెద్దవాళ్ళు చదివే పత్రికలు తెలుగులో. 1953లో బళ్ళారి మైసూరు వైపు వెళ్ళినప్పటి నుంచీ మనకిది అలవాటే. ఉబుంటు, డెబియన్ వేసుకున్న పాత డెస్క్‌టాప్‌లో ఎడాపెడా ప్యాకేజీలు తీసేస్తే, దెబ్బ ఈ రెండు లిపులకే తగలవచ్చు.

ఫాంట్స్-ఇండిక్ అని ఒక ప్యాకేజీ ఉంది. దానిలో ఫాంట్లేమీ ఉండవు. బెంగాలీ, గుజరాతీ, తమిళం, కన్నడం, తెలుగు వగైరా ఫాంట్ల ప్యాకేజీలన్నిటినీ ఒక తాడుతో కట్టి ఉంచడమే దాని పని. లిబ్రెఆఫీసులో ఫాంట్ల జాబితా చాంతాడంత ఉందని విసుగొచ్చి ఎవరో బెంగాలీది తీసేస్తారు. దాని మీద ఆధారపడిన ఫాంట్స్-ఇండిక్ కూడా పోతుంది. తాడు తెగాక మిగతావి అనాథలు. తర్వాత ఆప్ట్ ఆటోరిమూవ్ కొడితే, 'ఇవి ఎవరికీ అక్కరలేదు' అని చూపే జాబితాలో తెలుగు, కన్నడం కూడా రావచ్చు. చదవకుండా 'వై' నొక్కితే, వేరే తెలుగు ఫాంటు లేని సిస్టంలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

ఆప్ట్ లెక్క ఇది: మీరు అడిగి వేయించుకున్నది 'మాన్యువల్', దాని వెంట వచ్చింది 'ఆటో'. ఆటోగా వచ్చినదాన్ని కోరే ప్యాకేజీ ఏదీ మిగలకపోతేనే ఆటోరిమూవ్ దాన్ని పట్టుకుంటుంది. కాబట్టి ముందే మన రెండిటికీ మాన్యువల్ ముద్ర వేయించాలి. టెర్మినల్‌లో, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో: సుడో ఆప్ట్-మార్క్ మాన్యువల్, ఆ తర్వాత ఫాంట్స్-టెలు, ఫాంట్స్-కెఎన్‌డిఎ అనే రెండు పేర్లు, మధ్యలో ఖాళీ వదిలి. పోతన, వేమన ఫాంట్లు వాడేవారు ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా పేరూ చేర్చుకోవాలి. ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగు టైపు చేసేవారికి ఐబస్-ఎం17ఎన్ కూడా ముఖ్యమే.

ఏదైనా తీసేముందు ఆప్ట్ రిమూవ్‌కి మైనస్ ఎస్ చేర్చి చూడండి. ఏమీ తీయదు, ఏమేమి పోతాయో మాత్రం చెబుతుంది. ఒకటి తీయబోతే ఇరవై పోయేట్టుంటే ఆగాలి. ఫలానాది ఎందుకుందో తెలియకపోతే ఆప్టిట్యూడ్ వై అని అడగవచ్చు, అయితే ఆప్టిట్యూడ్‌ని విడిగా వేసుకోవాలి. రిమూవ్ చేస్తే సిస్టం సెట్టింగుల ఫైళ్ళు మిగులుతాయి, పర్జ్ అయితే అవీ పోతాయి. మీ హోం ఫోల్డరును మాత్రం రెండూ ముట్టుకోవు.

అసలు చోటు కోసమైతే ఫాంట్ల జోలికి పోవడం దండగ అని మా అభిప్రాయం. అవి తినేది కొద్ది ఎంబీలే. దించిన ప్యాకేజీల నిల్వను సుడో ఆప్ట్ క్లీన్ ఖాళీ చేస్తుంది. ఫ్లాట్‌ప్యాక్ వాడేవారికి ఫ్లాట్‌ప్యాక్ అన్ఇన్‌స్టాల్, పక్కన రెండు అడ్డగీతలతో అన్‌యూజ్డ్ అనే ఆజ్ఞ ఉంది. పాత కెర్నెళ్ళలో నడుస్తున్నదాన్నీ, దాని ముందుదాన్నీ ఉంచి మిగతావి తీయవచ్చు.

ఇప్పటికే డబ్బాలు కనిపిస్తున్న ఇళ్ళవారు కంగారుపడి సిస్టం మొత్తం మళ్ళీ వేయించుకోనక్కరలేదు. వార్, లాగ్, ఆప్ట్ ఫోల్డర్లలో వరుసగా దిగితే హిస్టరీ.లాగ్ అనే ఫైలు ఉంటుంది. ఏ రోజు ఏవి పోయాయో అందులో పేర్లతో సహా రాసి ఉంటుంది. ఆ పేర్లు చూసి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్‌తో తెచ్చుకుంటే చాలు. ఈసారి అవి మాన్యువల్‌గానే నమోదవుతాయి.