నడి ఆటలో మారిన నియమం

చదరంగం సగం ఆడిన తరువాత ఎవరో వచ్చి, ఇకమీదట గుర్రం నేరుగానే నడవవలెనని శాసించినారనుకొందాము. ఆ శాసనం మంచిదే కావచ్చును. అయినా గుర్రాన్ని నమ్ముకొని ఎత్తు వేసినవాడు అన్యాయమని మొరపెట్టక మానడు. అమెరికాలోని స్టాక్ కార్ల పందేలలో ఈ తగవు పలుమార్లు వచ్చినది. అందలి న్యాయాన్యాయాలను ఈనాడు కొంత విచారింతాము.

ఆ రోజులలో స్టాక్ కారు అనగా అంగడిలో అమ్మే మోటారు కారు. దానిని కొంత బలపరచి పందేనికి దింపేవారు. 1948 నుండి ఈ పందేలకు నియమాలు విధిస్తున్నది బిల్ ఫ్రాన్స్ నెలకొల్పిన నాస్కార్ సంస్థ. ఏడాదిలో పదుల కొలది పందేలు జరుగుతవి. ఆ రోజులలో వాటిలో వచ్చిన పాయింట్లన్నీ కూడి చివరకు ఒకరు విజేత అయ్యేవారు. కనుక ఏడాది అంతయు ఒకే ఆట అనవలెను.

1957లో ఫోర్డ్ కార్లకు ఇంజనులోనికి గాలిని బలవంతంగా తోసే సూపర్‌చార్జరు, షెవ్రొలే కార్లకు కార్బురేటరు లేకుండానే పెట్రోలును చిమ్మే ఏర్పాటు వచ్చినవి. ఏప్రిల్ నెలలో, పందేలు సాగుతూండగానే, నాస్కార్ ఈ రెండింటినీ, ఒకటికి మించిన కార్బురేటర్లనూ నిషేధించినది. కర్మాగారాలు ధనం గుమ్మరిస్తే సొంత డబ్బుతో ఆడేవాడు నిలువలేడన్న వాదం తేలికైనది కాదు. కాని నిషేధానికి ముందు ఆ యంత్రాలతో గడించిన పాయింట్లు చెల్లినవి, తరువాత ఆ యంత్రాలే చెల్లలేదు. ఒకే త్రాసులో రెండు తూనికరాళ్ళు వాడినట్లయినది.

ఇంతకంటె పెద్ద తగవు 1964లో పుట్టినది. ఆ ఫిబ్రవరిలో డేటోనా 500 మైళ్ళ పందెంలో క్రైస్లర్ సంస్థ ‘హెమీ’ ఇంజనును దింపినది. దాని దహనగది బోర్లించిన గిన్నె వలె అర్ధగోళాకారంగా ఉంటుంది. అందువలన పెద్ద కవాటాలు అమర్చడానికి వీలై, గాలి ధారాళంగా వచ్చి పోతుంది. 426 ఘనపుటంగుళాల ఆ ఇంజనుతో రిచర్డ్ పెట్టీ 200 చుట్లలో 184 చుట్లు ముందు నిలిచి గెలిచినాడు. అయితే ఆ ఇంజను అప్పటికి అంగడిలో సామాన్యునికి దొరికేది కాదు. పైగా ఆ ఏడు పేరుపొందిన పందెగాండ్రు కొందరు ప్రాణాలు కోల్పోయినారు. అక్టోబరులో నాస్కార్, వచ్చే ఏడాదికి హెమీ పనికిరాదని ప్రకటించినది.

ఈ ప్రకటన కఠినమైనదే గాని, ముందుగా చెప్పినది. క్రైస్లర్ పందేలను విడిచి వెళ్ళినది. ఆ ఏటి విజేతయైన పెట్టీ సూటిదారి మీద నడిచే డ్రాగ్ పందేలకు పోయినాడు. 1965 ఫిబ్రవరిలో జార్జియా రాష్ట్రంలో ఆయన కారు అదుపు తప్పి జనం మీదికి పోగా ఒక బాలుడు మరణించినాడు. ఆ దుర్ఘటనకు నియమమే కారణమనడం సరికాదు. కాని నియమాలు యంత్రాలను మాత్రమే కదలించవనీ, మనుషులను తావులు మార్పిస్తవనీ మరువరాదు.

ఆ ఏడాది 55 పందేలలో 48 ఫోర్డ్ కార్లకే దక్కినవి. ఫలితం ముందే తెలిసిన ఆటకు జనం తగ్గినారు. అప్పుడు నడి ఏట నాస్కార్ నియమాన్ని సడలించినది. జూలైలో పెట్టీ తిరిగి వచ్చినాడు. ప్రేక్షకులు సంతోషించినారు. కాని పాత నియమాన్ని నమ్మి ఏడాదికి సిద్ధపడినవారి మాట ఏమి? డేటోనా పందెపు బాటను కట్టించినదీ ఆ ఫ్రాన్సే. నియమం వ్రాసే చేయి, టిక్కెట్టు అమ్మే చేయి ఒకటే అయినప్పుడు అనుమానం తప్పదు.

నడుమ మార్పు ఎన్నడూ తగదా? 1970 మార్చిలో బడ్డీ బేకర్ టలడేగాలో గంటకు 200 మైళ్ళు దాటించినాడు. ఆగస్టు నుండి ఇంజనుకు పోయే గాలిని తగ్గించే రంధ్రాల పలకను అమర్చవలసి వచ్చినది. ఆ పలక ఇంజనులన్నిటికీ ఒకే విధంగా భారం కాకపోవచ్చును. అయినా ప్రాణరక్షణ సంవత్సరాంతం వరకు ఆగదు.

కాబట్టి మనకు తోచే ధర్మమిది: అపాయాన్ని తప్పించే నియమం ఏనాడైనా రావచ్చును, గెలుపులను పంచడానికో, బల్లలు నింపడానికో తెచ్చే నియమం మాత్రం ఆట ముగిసేదాకా ఆగవలెను. ఓడినవాడు కూడా తాను అదే ఆటలో ఓడినానని ఒప్పుకొన్నప్పుడే గెలుపునకు విలువ.