ఓడ దిగి చరిత్ర వ్రాసిన నావికుడు

ఓడ నడిపినవాడు చరిత్ర వ్రాయుట అరుదు. ఆ చరిత్ర రాజ్యముల విధానమును మార్చుట మరింత అరుదు. అమెరికా నౌకాదళాధికారి ఆల్‌ఫ్రెడ్ థేయర్ మహాన్ విషయమున ఈ రెండును జరిగినవి.

ఆయన 1840లో జన్మించెను. తండ్రి వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున ఆచార్యుడు. కుమారుడు 1859లో అన్నాపోలిస్ నౌకా విద్యాలయమున చదువు ముగించి, అంతర్యుద్ధమున పనిచేసెను. 44 ఏండ్లు వచ్చినను పేరు లేదు. సముద్రయానముపై మక్కువయు లేదు.

అట్టి సమయమున, 1884లో, నౌకాయుద్ధ కళాశాలలో ఉపన్యసింప పిలుపు వచ్చెను. పెరూ తీరమున నున్న ఆయన లీమా నగరమున మామ్‌సెన్ రచించిన రోము చరిత్ర చదువుచుండగా ఒక ప్రశ్న తోచెను. హానిబల్ ఆల్ప్స్ పర్వతములు దాటక సముద్రమార్గమున వచ్చియుండినచో ఏమగును? సముద్రము రోమునకు వశమై యుండుటచేతనే గదా ఆతడు కొండ లెక్కవలసి వచ్చెను! 1660 మొదలు 1783 వరకు నౌకాబలము చరిత్రను నడిపిన తీరును వివరించుచు 1890లో వెలువడిన గ్రంథమునకు ఇదియే బీజము. 1782, 1783లలో మన చెన్నపట్టణము, నాగపట్టణము, కడలూరు తీరములందు ఫ్రెంచి నౌకాధిపతి సుఫ్రేన్ ఆంగ్లేయులతో సలిపిన పోరులును అందు గలవు.

గ్రంథరచన నౌకాధికారి పని కాదని పై యధికారి తలచెను. 1893లో ఆయనను మరల ఓడపైకి పంపిరి. ఆ ఓడయే ఇంగ్లండు చేరగా, 1894లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములు గౌరవపట్టము లొసగినవి. జర్మను చక్రవర్తియు ఆ గ్రంథమును మెచ్చెను.

మెచ్చిన రాజ్యములు యుద్ధనౌకల నిర్మాణమున పోటీపడినవి. 1914లో మహాయుద్ధము వచ్చెను. ఆ డిసెంబరులోనే మహాన్ మరణించెను. చరిత్రకారుని మాటకు ఎంత బలమో అంత బాధ్యతయు గలదని ఆయన జీవితము తెలుపుచున్నది.