నేలకు చెవులు మొలిచిన వైనం: విద్యుత్ ట్యాప్ నృత్యం పుట్టుపూర్వోత్తరాలు

1932లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో రష్యన్ శాస్త్రజ్ఞుడు లియోన్ థెరెమిన్ ప్రదర్శించిన వాద్యాల్లో ఒకదానికి తీగలు లేవు, మెట్లు లేవు, ఊదే రంధ్రాలూ లేవు. నర్తకి ఎక్కి నిలబడే వేదికే ఆ వాద్యం, ఆమె చేయి ఎత్తినా, నడుము వంచినా స్వరస్థాయి వెంటనే మారిపోయేది. పాటను అనుసరించి ఆట సాగాలన్న అలవాటును తలకిందులు చేసిన ఈ అద్భుతానికి గ్రీకుల నృత్యదేవత టెర్ప్సికోరి పేరు మీద టెర్ప్సిటోన్ అని పేరు పెట్టారు. బూట్ల చప్పుడుతో నేల మీద లయ పలికించే నేటి ట్యాప్ నర్తకులు విద్యుత్ ధ్వనితో, కాంతితో చేస్తున్న ప్రయోగాలకు ఒక వేరు ఇక్కడ ఉంది.

రెండో వేరు ఇంకా రెండు శతాబ్దాలు పాతది. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నది దగ్గర తిరగబడిన ఆఫ్రికన్ బానిసలు డప్పులు మోగిస్తూ కదిలారు; మరుసటి ఏడు అక్కడి శాసనసభ వారికి డప్పులను, కొమ్ముబూరలను నిషేధిస్తూ చట్టం చేసింది. చేతుల నుంచి లాగేసుకున్న లయ పాదాల్లోకి, చప్పట్లలోకి, తొడ చరుపుల్లోకి దిగింది. ట్యాప్ అంతా ఆ ఒక్క చట్టం నుంచే పుట్టిందనడం సరికాదు. ఐర్లండు వలసదారుల జిగ్, ఇంగ్లండు కార్మికుల చెక్కబూట్ల ఆట కూడా అందులో కలిశాయి, ఆ కలయికకు 1840లలో న్యూయార్క్ పేదవాడ ఫైవ్ పాయింట్స్‌లో ఆడిన విలియం హెన్రీ లేన్ తొలి ప్రసిద్ధ ప్రతినిధి. బూటు ముందుభాగానికీ మడమకూ లోహపు రేకులు బిగించే పద్ధతి స్థిరపడేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది.

1930ల న్యూయార్క్ దగ్గర కొంత ఎక్కువసేపు ఆగక తప్పదు. హార్లెంలోని హూఫర్స్ క్లబ్ (హూఫర్ అంటే కాళ్లతో లయ పలికించే నర్తకుడు) ఆనాటి ట్యాప్ కళాకారులు పరస్పరం సవాలు విసురుకునే గోదా. ఒకరి అడుగును మరొకరు యథాతథంగా ఎత్తుకుపోరాదన్నది అక్కడి కట్టుబాటు. కుర్రతనంలో అక్కడ నవ్వులపాలై వెళ్లిపోయిన జాన్ బబుల్స్ గట్టిగా సాధన చేసి తిరిగివచ్చి అదే గదిలో మెప్పు పొందాడు. మునివేళ్ల మీద తేలికగా సాగే ట్యాప్‌లో అతడు మడమను బలంగా దించి మంద్రధ్వనిని చేర్చడంతో, మృదంగానికి రెండు వైపులు ఉన్నట్లు పాదానికి కూడా రెండు నాదాలు అమరాయి.

అదే నగరంలో థెరెమిన్ వేదిక కింద లోహపు పలకను పరిచి, మానవదేహానికి సహజంగా ఉన్న కెపాసిటెన్స్‌ను, అంటే విద్యుదావేశాన్ని నిలుపుకొనే గుణాన్ని, వాడుకున్నాడు. దేహానికీ పలకకూ మధ్య దూరం మారితే ఒక విద్యుత్ వలయపు పౌనఃపున్యం మారుతుంది, మార్పులేని మరో వలయంతో దానికి ఏర్పడే తేడాయే చెవికి స్వరమై వినిపిస్తుంది. శ్రుతి తప్పకుండా దాని మీద ఆడటం దాదాపు అసాధ్యం కాగా, వయొలిన్ నేర్చిన క్లారా రాక్‌మోర్ ఆ పని చేసి చూపింది. థెరెమిన్ నల్లజాతి నర్తకి లవీనియా విలియమ్స్‌ను వివాహమాడి, 1938లో సోవియట్ యూనియన్‌కు తిరిగి వెళ్లిపోయాడు. తయారైన మూడు టెర్ప్సిటోన్‌లలో 1978లో ఆయన శిష్యురాలు లిడియా కవీనా కోసం చేసినది ఒక్కటే నేడు మిగిలింది. అయితే అసలు నష్టం అది కాదు. ఆ వేదిక దేహపు కదలికను వినేదే గాని పాదపు దెబ్బను వినలేదు. దెబ్బ గురించి సమస్తం తెలిసినవారు కొన్ని మైళ్ల దూరంలోనే ఉండగా, ఆ రెండు విద్యలూ కలవడానికి అర్ధశతాబ్దం పట్టింది.

కాంతి ముందుగా సినిమా దారిన వచ్చింది. 1936 నాటి స్వింగ్ టైమ్‌లో ఫ్రెడ్ ఆస్టైర్ తన వెనుక మూడు పెద్ద నీడలతో పోటీపడి ఆడిన ఘట్టం సాంకేతికంగా అపూర్వమే అయినా, నల్లవారి విద్యను ఒక తెల్లవాడు ముఖానికి నల్లరంగు పూసుకుని ప్రదర్శించడం దానికి మాయని మచ్చ. ఆ తర్వాత 1965లో నృత్యదర్శకుడు మెర్స్ కనింగ్‌హామ్, స్వరకర్త జాన్ కేజ్ న్యూయార్క్‌లో ప్రదర్శించిన వేరియేషన్స్ ఫైవ్ ట్యాప్ కాకపోయినా ఈ వంశానిదే. అందులో రాబర్ట్ మోగ్ చేసిన యాంటెన్నాలు, బిల్లీ క్లూవర్ రూపొందించిన కాంతిగ్రాహక ఫోటోసెల్‌లు నర్తకుల రాకపోకలను ధ్వనిగా మార్చాయి.

దెబ్బను వినే పరికరం ట్యాప్ నర్తకుల చేతనే తయారైంది. లాస్ ఏంజెలిస్ నర్తకుడు ఆల్‌ఫ్రెడ్ డెసియో బూట్లలోని సూక్ష్మ ధ్వనిగ్రాహకాలను సింథసైజర్‌కు, అంటే విద్యుత్తుతో స్వరాలను పుట్టించే యంత్రానికి, కలిపి ట్యాప్‌ట్రానిక్స్ అనే పద్ధతిని రూపొందించాడు. 1989లో గ్రెగరీ హైన్స్ నటించిన ట్యాప్ చిత్రం ముగింపులో అది లోకానికి వినిపించింది. 2014లో ట్యాప్ నర్తకులు మిషెల్ డొరెన్స్, నికొలస్ వాన్ యంగ్ తమ రచన ఈటీఎమ్‌లో గ్రాహకాన్ని బూటు నుంచి తీసి చిన్న చెక్కపలకల్లోకి మార్చారు. పలక మీద పాదం పడగానే ఆ సంకేతం కంప్యూటర్‌కు చేరి, ముందే భద్రపరచిన స్వరమో డోలుదెబ్బో పలుకుతుంది.

ఈ పలకలకు ఒక లోపం ఉంది. దెబ్బ పడిందా, ఎంత బలంగా పడింది అన్నదే వాటికి తెలుస్తుంది. బబుల్స్ మడమలోని గాంభీర్యం, రేకు అంచు ఈడ్చినప్పటి గరగర, ఒక్కో చెక్కకు ఉండే ప్రత్యేక నాదం సంకేతంగా మారే క్షణంలోనే పోతాయి. డొరెన్స్, వాన్ యంగ్ చెక్కధ్వనిని యంత్రధ్వని కింద కప్పివేయకుండా రెండింటినీ పక్కపక్కన వినిపించారు గనుక ఈ దారిలో వచ్చిన రచనల్లో ఈటీఎమ్‌కే అగ్రస్థానం ఇవ్వాలి.