నల్లజాతి బాలిక మంత్రశక్తి: తేదీల తగువు

అమెరికాలో నల్లజాతి బాలికలు నాయికలుగా, కౌమార పాఠకుల కోసం వస్తున్న ఫాంటసీ కథలను నిన్నమొన్నటి పరిణామంగా లెక్కించడం పరిపాటి. ఆ లెక్కకు ఆధారం లేకపోలేదు. పాట్రీస్ కాల్డ్‌వెల్ సంపాదకత్వంలో 16 కథల సంకలనం ‘ఎ ఫీనిక్స్ ఫస్ట్ మస్ట్ బర్న్’ 2020 మార్చిలో వెలువడింది. అయితే ఆ పేరు 1998లో వచ్చిన ఆక్టేవియా బట్లర్ నవల ‘పేరబుల్ ఆఫ్ ది టాలెంట్స్’ నుంచి తీసుకున్నది. సంకలనమే తన మూలాన్ని వెనక్కి చూపుతున్నప్పుడు, తేదీని ఎంతవరకు జరపవచ్చో పరిశీలించవలసి ఉంది.

1. ప్రశ్న కథల గురించి గనుక, నవలలు పరోక్ష సాక్ష్యం మాత్రమే. నెడి ఒకొరాఫోర్ ‘జారా ది విండ్‌సీకర్’ 2005 నాటిది. వర్జీనియా హామిల్టన్ ‘జస్టిస్ అండ్ హర్ బ్రదర్స్’ 1978లోనే వచ్చింది. అందులో పదకొండేళ్ల జస్టిస్‌కు అసాధారణ మనోశక్తి ఉంటుంది. దాన్ని ఫాంటసీ అనాలా, సైన్స్ ఫిక్షన్ అనాలా అన్నది వాదానికి తావిచ్చే విషయమే.

2. కథల విషయానికొస్తే చిక్కు పెరుగుతుంది. హామిల్టన్ 1985లో తిరిగి చెప్పిన 24 జానపద కథల సంపుటి ‘ది పీపుల్ కుడ్ ఫ్లై’. దాని శీర్షిక కథలో సారా పొలం మీద నుంచి గాలిలోకి లేస్తుంది. కానీ ఆమె చంటిబిడ్డ తల్లి. పైగా ఎగిరే మంత్రం పలికేది టోబీ అనే వృద్ధుడు. కాబట్టి ఆమెను ‘బాలిక’గానో, పూర్తి అర్థంలో ‘నాయిక’గానో అంగీకరించడానికి కొంత సంకోచించక తప్పదు.

ఈ ఎగిరే మనుషుల కథలు జార్జియా తీరంలో సేకరించిన ‘డ్రమ్స్ అండ్ షాడోస్’ (1940)లోనూ కనిపిస్తాయి. వీటితో తరచూ ముడిపెట్టే ఘటన 1803లో సెయింట్ సైమన్స్ ద్వీపంలో జరిగింది. బందీలైన ఇగ్బోలు (పశ్చిమాఫ్రికా జాతివారు) నీటిలోకి నడిచి మునిగిపోయారన్నది ఒక కథనం. ఎగిరి స్వదేశం చేరారన్నది మౌఖిక సంప్రదాయం. మృతుల సంఖ్యపైనా కథనాలు కలవవు. నా దృష్టిలో ఈ పొంతన లేకపోవడమే ఫాంటసీకి ఊట: చరిత్ర మునిగిపోయారన్నవారిని జ్ఞాపకం ఎగరేసింది.

3. ఇంకా వెనక్కి వెళితే, డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్, జెస్సీ ఫాసెట్ తదితరులు నడిపిన ‘ది బ్రౌనీస్ బుక్’ మాసపత్రిక ఉంది. 1920 జనవరి నుంచి 1921 డిసెంబరు దాకా 24 సంచికలు వచ్చాయి. నల్లజాతి పిల్లల కోసం అద్భుత కథలు అందులో అచ్చయ్యాయి. పాఠకుల వయసును ఆరు నుంచి పదహారేళ్లుగా భావించారు గనుక, కౌమారం కొంతైనా అందులో చేరినట్టే.

అందువల్ల 2020లో కొత్తది బహుశా నాయిక కాదు. ఆమె కోసమే ఒక పూర్తి సంకలనం రావడం. పాత ఆనవాళ్లు మరుగున పడటానికి కారణాన్ని అంకెలు కొంత సూచిస్తాయి. 1962–64 మధ్య వచ్చిన 5,206 బాలల పుస్తకాల్లో నల్లజాతివారు కనిపించినవి 349 అని నాన్సీ లారిక్ 1965లో లెక్కగట్టారు. విస్కాన్సిన్‌లోని బాలల పుస్తక కేంద్రం 2013లో చూసిన సుమారు 3,200 పుస్తకాల్లో నల్లజాతివారి గురించినవి 93. బాలికలు, ఫాంటసీ అన్న జల్లెడ పడితే ఆ 93లో మిగిలేవి మరీ తక్కువై ఉండాలి.