కుక్క బెదురుకు మందు

కుక్క భయం ఒంటిదా, మనసుదా అన్న ప్రశ్న చుట్టూనే దాని మందుల చరిత్ర తిరిగింది. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచినప్పుడు రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ ప్రయోగశాల కుక్కలు బోనుల్లో చిక్కుకున్నాయి. బతికి బయటపడ్డాక కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చుకున్నవి మరిచాయి. తలుపు కింద నుంచి సన్నగా నీళ్లు పారినా ఒక కుక్క మళ్లీ బెదిరిపోయింది. అలా నరాలు చెదిరిన కుక్కలకు పావ్లోవ్ బృందం వాడిన మందు బ్రోమైడ్.

తెలంగాణలోని రుద్రంగిలో అలాంటి బెదురే దీపావళి పటాకులకూ, బరాత్ డీజేకూ కనిపిస్తుంది. చెవులు వెనక్కి వాలుతాయి, తోక కాళ్ల సందుకు పోతుంది. మంచం కిందికి దూరిన కుక్క చొంగ కారుస్తూ, పెట్టిన బువ్వ ముట్టకుండా పొద్దంతా వణుకుతుంది.

1950లో ఫ్రాన్సులో మనుషుల మానసిక జబ్బులకు వాడే క్లోర్‌ప్రోమజిన్ తయారైంది. దాని వంశంలోదే అసిప్రోమజిన్. పటాకుల రోజున పశువైద్యులు ఏళ్ల తరబడి దాన్నే రాశారు. కుక్క కదలక పడుకుంటే యజమానికి ఊరట. కానీ ఆ మందు ఒంటిని మగతలో పడేస్తుందే తప్ప భయాన్ని తీయదు. చప్పుడు కుక్కకు వినబడుతూనే ఉంటుంది. కదలలేని భయం మరీ క్రూరమైనది. అందుకే చప్పుళ్ల భయానికి దాన్ని ఒక్కదాన్నే ఇవ్వకూడదని నిపుణులు తర్వాత గట్టిగా చెప్పారు.

మలుపు 1998లో వచ్చింది. ఒంటరిగా వదిలితే బెంగపడే కుక్కలకు క్లోమిప్రమిన్‌ను అమెరికా ఆమోదించింది, అదీ శిక్షణతో కలిపి వాడాలని. 2007లో ఫ్లూక్సెటిన్ నమిలే మాత్ర వచ్చింది. ఇవి రోజూ వేయాల్సినవి. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. అప్పటికప్పుడు పనిచేసేది 2015 నాటి డెక్స్‌మెడిటోమిడిన్ జెల్. దాన్ని మింగించరు, చిగుళ్లకూ బుగ్గకూ మధ్య పూస్తారు. 2021లో ఐరోపా టాసిపిమిడిన్ ద్రావణాన్ని అనుమతించింది. మనుషుల మందులైన ట్రజోడోన్, గాబాపెంటిన్ కూడా వైద్యుల చేతికి వచ్చాయి.

రుద్రంగికి దగ్గరలోని కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. మెడికల్ షాపులో దొరికే ఫ్లూక్సెటిన్ మనుషుల మాత్రే. కుక్క బరువు చూసి మోతాదు కట్టాల్సింది పశువైద్యుడే. మనుషుల ద్రవ మందుల్లో కొన్నిటిలో జైలిటాల్ ఉంటుంది, అది కుక్కకు విషం. గోమార్లకు పూసే అమిట్రాజ్‌నూ క్లోమిప్రమిన్, ఫ్లూక్సెటిన్‌లతో కలపకూడదు. ఒంటికి ఏ మందు పూశారో వైద్యునికి ముందే చెప్పాలి.