బడి మీద దావా ఎవరి పేర వేయాలి?



తెలుగు పండితులు పదవీ విరమణ చేసిన తరువాత ఆ స్థానం భర్తీ కాకపోయినా, తెలుగు తరగతిని ఎత్తివేసినా మనం మొదట చేసే పని ప్రధానోపాధ్యాయుల వారికి వినతిపత్రం వ్రాయడం. తరువాత జిల్లా విద్యాధికారికి మరొకటి వ్రాస్తాము. రెండింటికీ సమాధానం రానప్పుడు న్యాయస్థానం మాట వస్తుంది. అక్కడ న్యాయవాది అడిగే మొదటి ప్రశ్న, "ప్రతివాది ఎవరు?" అని. "బడి" అన్న జవాబు అక్కడ చెల్లదు. చట్టం దృష్టిలో బడి ఒక చోటు మాత్రమే. దావా వేయడానికైనా, దావాకు జవాబు చెప్పడానికైనా చట్టం గుర్తించిన పేరు ఒకటి కావాలి. తప్పు పేరు వ్రాస్తే సవరించుకొనే అవకాశం కోర్టు ఇవ్వవచ్చును. కాని అంతలో పిల్లల విద్యాసంవత్సరం గడచిపోతుంది. అందుచేత ఈ పేరు చరిత్రను మనం తెలుసుకొని ఉండడం మంచిది.

గుడియాత్తం, వేలూరు ప్రాంతం పూర్వపు ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కొన్ని తాలూకాలు అటు పోయాయి, గుడియాత్తం ఇటు నిలిచింది. జిల్లాలు వేరైనా మద్రాసు ప్రెసిడెన్సీ ఒక్కటే గనుక రెండు వైపుల బడులకూ చట్టం ఒక్కటే. 1920 నాటి జిల్లా మునిసిపాలిటీల చట్టం పురపాలక మండలికి శాశ్వత ఉనికిని, ముద్రను, దావా వేసే శక్తిని, దావాకు లోనయ్యే బాధ్యతను కలిపి ఇచ్చింది. కనుక మునిసిపల్ బడి విషయంలో ప్రతివాది పురపాలక మండలే. ప్రభుత్వ బడి అయితే రాజ్యాంగం 300వ అధికరణం ప్రకారం రాష్ట్రం పేర దావా వేయాలి. దానికి ముందు సాధారణంగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ప్రధానోపాధ్యాయులు ఒక్కరినే ప్రతివాదిగా చూపితే చాలదు.

చిక్కంతా సంఘాలు, ట్రస్టులు నడిపే బడులతోనే. భాషా అల్పసంఖ్యాకుల బడులు ఎక్కువగా ఈ కోవలోనివే. 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ఇందుకొక ఉపాయం చెప్పింది. సంఘం నియమావళి ప్రకారం అధ్యక్షుని పేరనో, కార్యదర్శి పేరనో దావా నడపవచ్చును. ఎవరి పేర అన్నది పాలకవర్గాన్ని అడిగినా వారు ఎవరినీ నియమించకపోతే, అధ్యక్షుని మీదనే, ముఖ్య కార్యదర్శి మీదనే దావా వేయవచ్చును. ఆ వ్యక్తి చనిపోయినా, పదవి విడిచినా దావా ఆగదు. తీర్పును అమలు చేసేది కూడా సంఘం ఆస్తి మీదనే గాని ఆయన సొంత ఇంటి మీద కాదు. తమిళనాడులో 1975 నాటి చట్టం దీని స్థానంలో వచ్చింది. ట్రస్టు బడి అయితే ట్రస్టీలందరినీ చేర్చవలసి ఉంటుంది.

మరి పాఠశాల కమిటీ మాట ఏమిటి? 1973 నాటి తమిళనాడు ప్రైవేటు పాఠశాలల చట్టం, కమిటీ తన పరిధిలో చేసిన నిర్ణయాన్ని బడి నడిపే సంస్థ నిర్ణయంగానే భావించాలని చెప్పింది. కమిటీ నిర్ణయం మాది కాదని సంస్థ తప్పుకోవడానికి వీలు లేకుండా పోయింది. 2018లో చేసిన కొత్త చట్టం 2023లో అమలులోకి వచ్చి ఆ చట్టం స్థానాన్ని తీసుకొన్నది.

పేరు దొరికినంత మాత్రాన ఏ ఉపశమనం దొరుకుతుందో చెప్పలేము. ఉత్తరప్రదేశ్‌లోని షామ్లీ వైశ్య డిగ్రీ కళాశాల కేసులో 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు, కళాశాల కార్యనిర్వాహక కమిటీ చట్టం పుట్టించిన సంస్థ కాదన్నది. అందువలన తొలగించిన ప్రిన్సిపాలును తిరిగి పదవిలో నిలపడానికి ఒప్పుకోలేదు. 1989లో అహమ్మదాబాదులోని ఒక ట్రస్టు కళాశాల అధ్యాపకుల బకాయిల కేసులో మాత్రం, ప్రజాకర్తవ్యం నిర్వహించే ప్రైవేటు యాజమాన్యం మీద కూడ రిట్ చెల్లుతుందని తీర్పు వచ్చింది. 1997లో మచిలీపట్నంలోని శ్రీ వేంకటేశ్వర హిందూ ఇంజనీరింగు కళాశాల ఉద్యోగుల జీతాల కేసులోనూ అదే మార్గాన్ని అనుసరించారు. అయితే 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో, ప్రజాకర్తవ్యంతో సంబంధం లేని మామూలు ఉద్యోగ ఒప్పందపు తగవుకు రిట్ చెల్లదని హద్దు గీశారు.

ఇక 2009 నాటి విద్యాహక్కు చట్టం క్రింద ఏర్పడిన పాఠశాల నిర్వహణ కమిటీని చూడండి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. ఈ కమిటీకి చట్టం ప్రత్యేకమైన న్యాయ వ్యక్తిత్వం ఇవ్వలేదు. సద్భావంతో చేసిన పనికి కమిటీ మీద దావా చెల్లదని కూడ చెప్పింది. కావున కోర్టు భయంతో కమిటీలో చేరడానికి వెనుకాడనక్కరలేదు. అల్పసంఖ్యాకుల బడులలో ఈ కమిటీకి చట్టం సలహా పాత్ర మాత్రమే ఇచ్చింది.

తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న దక్షిణాఫ్రికాలో 1996 చట్టం దారి వేరు. అక్కడ ప్రతి ప్రభుత్వ బడీ తానే ఒక న్యాయ వ్యక్తి. బోధనాభాషను నిర్ణయించే అధికారాన్ని ఆ చట్టం పాలకవర్గానికి ఇచ్చింది. ఆఫ్రికాన్స్ మాధ్యమపు ఎర్మెలో పాఠశాల కేసులో 2009లో రాజ్యాంగ న్యాయస్థానం, ఆ అధికారాన్ని విద్యాశాఖ లాగుకొన్న పద్ధతి చెల్లదన్నది. అదే తీర్పులో, భాషా విధానాన్ని తిరిగి ఆలోచించుకొమ్మని పాలకవర్గాన్ని ఆదేశించింది. హక్కు కోసం నిలబడిన పేరే జవాబు కూడ చెప్పవలసి వచ్చింది.

మనకూ వర్తించే మాట అదే. 30వ అధికరణం క్రింద తెలుగు బడి హక్కును కోరేది ఏ సంఘం పేరనో, తెలుగు తరగతి ఎత్తివేస్తే జవాబు చెప్పవలసినదీ ఆ సంఘమే. దావాకు అందని యాజమాన్యం హక్కు కోసం కోర్టులో నిలబడనూ లేదు.

కనుక ఉపాధ్యాయులారా, మీ నియామకపు ఉత్తర్వు మీద సంతకం చేసినవారు ఏ హోదాలో చేశారో చూసుకొనండి. తల్లిదండ్రులారా, మీ బడిని నడిపే సంఘం రిజిస్ట్రేషన్ పేరు, సంఖ్య, నియమావళిలో దావాలకు బాధ్యులుగా వ్రాసిన పదవి, ఈ మూడూ కనుగొని వ్రాసి ఉంచుకొనండి. తదుపరి వినతిపత్రాన్ని ప్రధానోపాధ్యాయుల వారితో పాటు ఆ పేరుకూ పంపండి.