తంబోలాకు దక్కిన మంచిపేరు

జూదము అనగానే మనకు ధర్మరాజు, శకుని, నిండుసభ గుర్తుకు వస్తారు. తంబోలా అనగానే పెళ్ళివారి విడిది, కాలనీ సంబరాలు, పిన్నిగార్ల చేతుల్లో అంకెల చీటీలు కనబడతాయి. రెండింటిలోనూ సొమ్ము ఒడ్డడం ఉంది, దైవాన్ని నమ్ముకోవడం ఉంది. అయినా ఒకటి సప్తవ్యసనాలలో చేరింది, మరొకటి కాలక్షేపమైంది. సభాపర్వం పాఠం చెప్పేటప్పుడు "తంబోలా కూడా జూదమేనా మాస్టారూ?" అని పిల్లలు అడిగేవారు. ఆ ప్రశ్నకు చరిత్ర ఇచ్చే సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ ఆట పుట్టిల్లు ఇటలీ. అక్కడి లాటరీ నుండి పుట్టి, నేపుల్సు నగరంలో క్రిస్మసు నాటి ఇంటి ఆటగా స్థిరపడింది. 90 అంకెలు, చీటీకి మూడు వరుసలు, 15 అంకెలు. మనం నేటికీ ఆడుతున్నది ఆ 90 అంకెల ఆటనే. బ్రిటిషు సైనికులు దీనిని 'హౌసీ హౌసీ' అన్నారు. పేకాటను, పాచికలను నిషేధించిన ఆ సైన్యం దీనిని మాత్రం అనుమతించింది. మంచిపేరుకు మొదటి యోగ్యతాపత్రం అదే.

బ్రిటనులో 1960 నాటి జూద చట్టం చిన్న చిన్న వినోదాలకు వెసులుబాటు కల్పించింది. ఆ సందు చూసుకొని 1961 నుండి వ్యాపార సంస్థలు రంగప్రవేశం చేశాయి. టెలివిజను దెబ్బకు ఖాళీ అయిన సినిమాహాళ్ళు బింగో శాలలయ్యాయి. వాటిని నింపినవారు ఎక్కువగా శ్రామిక కుటుంబాల స్త్రీలు. చివరకు 1968లో మరొక చట్టం చేసి పగ్గాలు వేయవలసివచ్చింది.

ఈ ఆట ప్రమాదకరం కాదనడానికి కారణాలు లేకపోలేదు. పందెం స్వల్పం. అంకెలు చదివేవారి వేగమే ఆట వేగం. ఓడినవాడు ఉక్రోషంతో పందెం రెట్టింపు చేయడానికి ఆట నడుమ వీలులేదు. పైగా పక్కన నలుగురు ఉంటారు. అయితే గమనించండి, ఇవన్నీ ఆటకు బయటనుండి వేసిన హద్దులే. జూదాన్ని ఒక్కచోటనే ఆడించి, గెలుపులో నూటికి ఐదు రాజుకు తీసుకొమ్మన్న కౌటిల్యుడు ఈ సంగతి ఎరిగినవాడే.

హద్దు తొలగితే ఏమవుతుందో అమెరికా చూపింది. అక్కడ చర్చిలు నిధుల కోసం బింగో ఆడించేవి. ధర్మకార్యం కనుక రాష్ట్రాలు అనుమతించాయి, బహుమతికి పరిమితి పెట్టాయి. 1979లో ఫ్లోరిడాలోని సెమినోల్ తెగవారు తమ భూమిలో ఆ పరిమితి లేకుండా పెద్ద బహుమతులతో బింగో తెరిచారు. 1987లో కాలిఫోర్నియా కబజాన్ తెగ వ్యాజ్యంలో అక్కడి సుప్రీంకోర్టు తెగల పక్షాన నిలిచింది. రాష్ట్రమే బింగోను అనుమతిస్తున్నప్పుడు అది నేరమెట్లా అవుతుందన్నది తీర్పు సారాంశం. 1988లో చట్టం వచ్చింది. తరతరాల పేదరికంలో ఉన్న తెగలకు ఆ ఆదాయంతో బడులు, వైద్యశాలలు సమకూరాయి, కాదనలేం. కాని ఆ తలుపులోనుండే పెద్ద పెద్ద జూదశాలలూ ప్రవేశించాయి. లోపల బింగో లెక్క, పైకి గిరగిర తిరిగే బొమ్మల చక్రాలు గల యంత్రాలు వచ్చాయి. అమ్మమ్మల ఆటకున్న మంచిపేరు ఎవరెవరికో గొడుగయింది.

ఇక మన సంగతి. సికింద్రాబాదు క్లబ్బు ఒకదానిపై వచ్చిన కేసులో మన సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటగా పరిగణించింది. నేర్పు ఉంటే జూదం కాదు, కేవలం అదృష్టమైతే జూదం, ఇదీ న్యాయశాస్త్రపు గీటురాయి. ఆ రాయిపై గీస్తే నేర్పు ఇసుమంతైనా లేని తంబోలాయే అసలైన జూదం! కాని రమ్మీతో కొంపలు గుల్లయినవారు మన ఊళ్ళలో ఉన్నారు. పది రూపాయల తంబోలాతో ఆరినవారిని నేనెరుగను. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టం సొమ్ము ఒడ్డే ఆటలలో నేర్పు, అదృష్టం అన్న భేదాన్నే పక్కన పెట్టింది.

కనుక ఆ పిల్లలకు నా సమాధానం ఇది: తంబోలా జూదమే. దాని నిర్దోషిత్వం చీటీలో లేదు. పది రూపాయల దగ్గర ఆగిన చేతిలో, ఆట చాలించి భోజనాలకు లేవమనే ఇంటి పెద్దలో ఉంది. ఫోనులో ఒంటరిగా, అర్ధరాత్రి, లెక్కలేకుండా ఆడేచోట ఆ పెద్ద ఉండడు. పేరు మాత్రం అదే ఉంటుంది.